టెర్రాస్ అంటే మేడ కాదు

మా ఇంట్లో టెర్రస్ అంటే వడియాలు ఎండబెట్టే చోటు. అమ్మ డాబా అంటుంది, తమిళం మాట్లాడే నాన్న మొట్టమాడి అంటారు. అందుకే పోయిన వేసవిలో మార్సెయ్‌లో ఉండే మా పెద్దమ్మ "సాయంత్రం టెర్రాస్ మీద తిందాం" అంటే నేను మేడమెట్ల కోసం వెతికాను. ఆవిడ నవ్వి వీధిలోకి తీసుకెళ్లింది. ఫ్రెంచిలో టెర్రాస్ అంటే హోటల్ ముందు, ఆరుబయట బల్లలూ కుర్చీలూ వేసిన జాగా. అక్కడ కూర్చుని నేను నేర్చుకున్న నాలుగు మాటల గురించే ఈ వ్యాసం.

యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉందని మనకి తెలుసు కదా. 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు, కావాలంటే ఫ్రెంచి పౌరసత్వం తీసుకునే వీలు అక్కడివాళ్లకి దొరికింది. పెద్దమ్మ అత్తవారు అలా తీసుకున్నవాళ్లు. మా తాతయ్య తీసుకోలేదు. ఒకే ఊరివాళ్లు రెండు దేశాలవాళ్లయ్యారు.

మేం వెళ్లిన చోటు పేరు కూర్ జూలియాఁ. ఆ పేటవాళ్లు ముద్దుగా కూర్ జూ అంటారు. ఫ్రెంచిలో 'కూర్' అంటే చెట్లున్న వెడల్పాటి బాట. నాకు మాత్రం మన 'కూర' గుర్తొచ్చింది. తమాషా ఏంటంటే, 1972 దాకా అక్కడ ఉన్నది పండ్లూ కూరగాయల టోకు మార్కెట్టే! మార్కెట్ ఊరి ఉత్తరానికి తరలిపోయాక ఆ పాత కొట్లలోకి పుస్తకాల షాపులు, పాటల కచేరీల గదులు, చిన్న చిన్న తిండి హోటళ్లు వచ్చాయి. గోడలనిండా రంగుల బొమ్మలు. కిందికి దిగే మెట్లకీ రంగులే. పిల్లలు బంతి ఆడుతుంటారు, వాళ్ల మధ్యనుంచే సర్వర్ పళ్లెం ఎత్తి పట్టుకుని నడుస్తాడు.

మొదటి మాట: బోఁజూర్. అంటే నమస్కారం. నేను కూర్చోగానే "ఒక కాఫీ, దయచేసి" అని ఫ్రెంచిలో అప్పజెప్పేశాను. సర్వర్ నావైపు చూసి నెమ్మదిగా "బోఁజూర్" అని ఆగాడు. నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ మోచేత్తో పొడిచింది: "ముందు అది అనమ్మా." మనం మర్యాదని మాట చివర పెడతాం, 'ఇవ్వండి', 'చెప్పండి' అని. వాళ్లు మొదట్లోనే పెట్టాలి. మన 'నువ్వు', 'మీరు'లాగే వాళ్లకీ 'త్యు', 'వూ' ఉన్నాయి. సర్వర్‌ని 'వూ' అనే పిలవాలి.

రెండో మాట: ఆర్ద్వాజ్. అంటే పలక. నిజంగా మన బడి పలకలాంటిదే. ఆ రోజు వంట ఏంటో దానిమీద సుద్దతో రాస్తారు, అయిపోతే చెరిపేస్తారు. ఇక్కడో తికమక ఉంది. మనం 'మెనూ' అనే జాబితాని వాళ్లు 'కార్త్' అంటారు. 'మెన్యు' అంటే ఒకే ధరకి రెండు మూడు వంటకాలు వరసగా వచ్చే భోజనం. చాలా చోట్ల మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ ఏడింటికే.

మూడో మాట: పానీస్. ఇది మార్సెయ్ ప్రాంతపు చిరుతిండి. శనగపిండి నీళ్లలో ఉడికించి, ముద్ద చల్లారి గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. అమ్మ ఒక ముక్క కొరికి, "ఓసినీ, ఇది మన బజ్జీల పిండేగా! వామూ లేదు, కారమూ లేదు" అంది. కానీ పళ్లెం ఖాళీ చేసింది కూడా అమ్మే.

నాలుగో మాట: అడిస్యోఁ. అసలు అర్థం కూడిక, హోటల్లో అయితే బిల్లు. మన దగ్గర ఆఖరి ముద్ద మింగకముందే సోంపుతో పాటు బిల్లు వచ్చేస్తుంది, వెనక ఇంకొకళ్లు కుర్చీ పట్టుకుని నిలబడతారు. అక్కడ అడిగేదాకా తేరు. భోజనంతోపాటు కుళాయినీళ్ల కూజా అడిగితే ఊరికే ఇస్తారు. సర్వీసు ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి టిప్పు ఇవ్వడం మన ఇష్టం.

అడగకుండా బిల్లు తేకపోవడం చిన్న సంగతే. కానీ మా పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఒక్కతే, ఒక్క కాఫీతో, పుస్తకం చదువుకుంటూ మేమున్నంతసేపూ కూర్చుంది. ఎవరూ ఆవిడని అదోలా చూడలేదు. అమ్మ మాత్రం ఆవిడనే చూస్తూ ఉంది. ఆ రాత్రి నాతో అంది: "నాకు నలభయ్యారేళ్లు. బయట ఒక్కదాన్నీ కూర్చుని టీ తాగింది ఎప్పుడూ లేదు."

వచ్చేసే ముందురోజు పెద్దమ్మా నేనూ పుస్తకాల షాపులో దూరాం. అమ్మ "నేను ఇక్కడే ఉంటా" అని టెర్రాస్‌లో కూర్చుంది. గంట తర్వాత అద్దంలోంచి చూస్తే ఇంకా అక్కడే ఉంది, పిల్లల ఆట చూస్తూ. చెయ్యెత్తి సర్వర్‌ని పిలిచింది. మేం దగ్గరికి వచ్చేసరికి "అడిస్యోఁ, సిల్ వు ప్లే" అంటోంది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, "మీ తాతయ్య దగ్గరే. యానాంలో ఆయన లెక్కలు ఫ్రెంచిలో చదువుకున్నారు. కిరాణా చీటీ కూడేటప్పుడు ఎప్పుడూ ఆ మాటే అనేవారు" అంది.

ఈ నేలమీద తాతయ్య ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆయన మాట మాత్రం అమ్మకి అక్కడ పనికొచ్చింది.

తిరిగొచ్చాక నేనూ అమ్మా ఒక ఆట మొదలుపెట్టాం: మన ఊళ్లో ఒక ఆడమనిషి ఒంటరిగా, ఒక్క టీతో, గంటసేపు కూర్చోగలిగే చోట్లు లెక్కపెట్టడం. ఇప్పటికి రెండు దొరికాయి. మీకు తెలిసినవి ఈ పత్రిక కింద కాగితం అంటించి రాయండి. మీ ఇంట్లో మిగిలిన ఫ్రెంచి మాటలు ఉంటే అవి కూడా. అడిస్యోఁ మేమే చేస్తాం.