ఇంటర్వ్యూకి చీరా, చుడీదారా, ప్యాంటూ చొక్కానా?

ఉద్యోగం వెతుక్కుంటున్న ట్రాన్స్ మహిళలు జీతం, షిఫ్టు కంటే ముందు అడిగేది బట్టల గురించే. చీర కట్టుకెళ్తే ఓవర్ అంటారు, ప్యాంటు వేసుకెళ్తే మరి నువ్వు ఆడదానివెలా అయ్యావంటారు, ఏం చేయమంటారు అని. నేనైతే ఇలా చెబుతాను: ఏడాది పొడవునా రోజూ వేసుకుని ఎనిమిది గంటలు పనిచేయగలిగిన బట్టలే ఇంటర్వ్యూకీ వేసుకెళ్లండి. కాటన్ చుడీదారు, పిన్ను పెట్టిన చున్నీ, వెనక్కి ముడిచిన జుట్టు, ఎత్తు మడమ లేని చెప్పులు చాలు. పెళ్లికి తయారైనట్టు వెళ్తే ఆ రోజు మెచ్చుకున్నవాళ్లే రెండో వారం నుంచి "ఏంటి, ఇవాళ డల్‌గా ఉన్నావ్" అని మొదలుపెడతారు. మొదటిరోజు ముస్తాబు రోజూ కట్టాల్సిన కిస్తీ అయి కూర్చుంటుంది.

పక్క సీట్లో ట్రాన్స్ కాని అమ్మాయి జీన్స్ వేసుకుని, బొట్టు లేకుండా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చినా నువ్వు ఆడదానివేనా అని ఎవరూ అడగరు. మీరు ఒక్కరోజు బొట్టు మర్చిపోతే చాలు, గుసగుసలు మొదలవుతాయి. ఆడవాళ్లే పాటించడం మానేసిన ఆడతనాన్ని మీ దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తారు. ఎంత కట్టినా బాకీ తీరదు కాబట్టి, ఏది పనికోసం అడుగుతున్నారో, ఏది వాళ్ల కంటికోసం అడుగుతున్నారో మొదటే విడదీసుకోవాలి.

మహిళా ఉద్యోగులందరికీ ఉన్న యూనిఫాం, శుభ్రత, మెషీను దగ్గర జుట్టు ముడి, వంటగదిలో కత్తిరించిన గోళ్లు... ఇవి పనికోసం అడిగేవి, పాటించాల్సిందే. మేకప్ ఎంత వేశారు, గొంతు ఎంత సన్నగా ఉంది, నడక ఎలా ఉందన్నవి పనిలోకి రావు. చేరేముందే డ్రెస్ కోడ్ మెయిల్‌లో పంపమనండి. "నాకు ఆడవాళ్ల యూనిఫాం ఇస్తారా?" అని అడగకండి. "యూనిఫాం కొలతలు ఎవరికివ్వాలి మేడమ్?" అనండి. ఇవ్వాలా వద్దా అన్న చర్చే రాకుండా మాట నేరుగా కొలతల దగ్గర మొదలవుతుంది. అసలు మొదటి ఉద్యోగంగా యూనిఫాం ఉన్నదే మేలని నా అభిప్రాయం. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అలాంటి పనిలో ఇవాళ ఏం వేసుకోవాలన్న బెంగ సగం తగ్గుతుంది.

బట్టల మీద పెత్తనం ఊరికే పుట్టలేదు. ట్రాన్స్‌జెండర్లు ఆడ దుస్తులతో, నగలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చనే చట్టం నిజాం కాలం నుంచి పుస్తకాల్లోనే ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంతకు చాలా ముందే, ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నల్సా తీర్పులో, తన జెండర్‌ను దుస్తుల్లో, మాటలో, నడవడికలో చూపించుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్, ఉద్యోగంలోకి తీసుకోవడంలోగానీ ప్రమోషన్‌లోగానీ వివక్ష చూపకూడదంటుంది.

ఇక గడ్డం సంగతి. ఎక్కువ డబ్బు, ఎక్కువ కన్నీళ్లు పోయేది ఇక్కడే. పొద్దున్నే నున్నగా గీసుకుని, పై పెదవి మీదా దవడల మీదా నారింజ రంగు కరెక్టర్ వేలితో అద్ది, మీద ఫౌండేషన్, ఆ మీద పౌడరు. కరెక్టర్ కొనలేనివాళ్లు నారింజ లిప్‌స్టిక్‌తోనే కానిస్తారు. మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీ దాకా ఏప్రిల్ ఎండలో బస్సులో నిలబడి వెళ్తే అందులో సగం కర్చీఫులోకే పోతుంది. సాయంత్రం నాలుగింటికి ఆకుపచ్చ నీడ మళ్లీ బయటపడుతుంది. సరిగ్గా ఆ వేళకే టీ బ్రేకు, పది కళ్లు. జలుబు లేకపోయినా మాస్కు తగిలించుకుని మీటింగులో కూర్చునేవాళ్లున్నారు.

హార్మోన్లతో గడ్డం పోతుందని చాలామంది ఆశపడతారు. ఈస్ట్రోజన్ ఒంటిమీది వెంట్రుకల్ని పలచబరుస్తుంది గానీ ముదిరిన గడ్డాన్ని తీసేయదు, గొంతునూ మార్చదు. హార్మోన్లు కూడా ఎండోక్రైనాలజిస్టు రాసిస్తేనే, మధ్యమధ్య రక్తపరీక్షలతోనే వాడాలి. స్నేహితురాలి చీటీ చూపించి మందుల షాపులో కొనకండి. గడ్డం తీయించే లేజర్‌కి కొన్ని వారాల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి, తెల్ల వెంట్రుకల మీద పనిచేయదు. మన చామనఛాయ, నలుపు చర్మాలకు తగిన ఎన్‌డీ యాగ్ లేజర్ ఉందా అని అడగండి. తప్పుడు మెషీనుతో కాలిన మచ్చలు పడతాయి.

మొదటి జీతం రాగానే ఈఎంఐ మీద లేజర్ ప్యాకేజీ మాత్రం తీసుకోవద్దు. ముందు మూడు నెలల ఇంటి అద్దె పక్కన పెట్టండి. 2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిస్తే కొద్దిరోజులకే కొందరు మానేశారు. ఉద్యోగం చేతిలో ఉన్నా ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకలేదు వాళ్లకి. అద్దె గండం గడిచాక, అద్దంలో చూసుకుంటే మీకు హాయిగా ఉంటుందనుకుంటే అప్పుడు లేజర్ సంగతి చూడండి. మేనేజరు ఏదో అన్నాడని మాత్రం వద్దు.

ట్రాన్స్ పురుషుల తిప్పలు వేరు. మీసం రాలేదేం, గొంతు పిల్లాడిలా ఉందేం అంటారు. ఛాతీకి సాగే బ్యాండేజీ చుట్టుకుని రోజంతా పనిచేయకండి, పక్కటెముకలకూ ఊపిరికీ ప్రమాదం. ఛాతీని అదిమి ఉంచే బైండరే, అదీ కొలతకు సరిపోయేదే వాడండి, ఎనిమిది గంటలు దాటనివ్వకండి, నిద్రపోయేముందు తీసేయండి.

ఇంటర్వ్యూలో "ఆపరేషన్ అయిందా?" అని అడుగుతారు. కోపం వచ్చినా గొంతు పెంచకుండా "అది నా వైద్య విషయం సార్, పని గురించి అడగండి" అంటే చాలు. మనవాళ్లలోనూ నిర్వాణం (ఆపరేషన్) కానివాళ్లను చిన్నచూపు చూసేవాళ్లున్నారు. వాళ్లకీ అదే జవాబు. ఇంట్లో తెలియక, ఊళ్లో బతకాలి కాబట్టి ప్యాంటూ చొక్కాతోనే డ్యూటీకి వెళ్లేవాళ్లను పిరికివాళ్లనకండి. ఎప్పుడు, ఎవరి ముందు, ఎంత బయటపడాలో లెక్క చూసుకోవాల్సింది వాళ్లే.

"కస్టమర్లు ఇబ్బంది పడతారమ్మా" అన్నది మరో పాత సాకు. రోగులు రావడం తగ్గుతుందంటూ ఒక ప్రైవేటు ఆసుపత్రి తనను మానేయమందని ట్రాన్స్ మహిళ డాక్టర్ ప్రాచీ రాథోడ్ బహిరంగంగానే చెప్పారు. ఆమే 2022లో డాక్టర్ రూత్ జాన్ పాల్‌తోపాటు ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ డాక్టరుగా చేరారు. మీకూ ఆ సాకే చెబితే, ఏ కస్టమరు, ఏ రోజు, ఏమని ఫిర్యాదు చేశారో రాతలో ఇవ్వమని అడగండి. తరచుగా కాగితం రాదు.

మేనేజర్లకు ఒక్క మాట. "అచ్చం ఆడపిల్లలాగే ఉన్నావ్" అనడం మెచ్చుకోలు కాదు, మార్కులు వేయడం. చీర బాగుంటే చీర బాగుందనండి, అక్కడితో ఆపండి.

మాటలు హద్దు దాటితే ఆ రోజే తేదీ, వేళ, అన్నమాట, అక్కడున్నవాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి. 2019 చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ అధికారి ఎవరో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లోనే అడగండి. చాలాచోట్ల ఆ మెయిల్ వెళ్లాకే అధికారిని వెతుక్కుంటారు. ఫిర్యాదు కూడా నోటిమాటగా కాకుండా రాతలోనే ఇచ్చి, కాపీ ఒకటి మీ సొంత మెయిల్‌లో పెట్టుకోండి. ఉద్యోగం పోయిన రోజున ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.