కోఠి కట్టడముల కథ

హైదరాబాదు నగరమున మూసీనదికి ఉత్తరపు గట్టున కోఠి యను పేట కలదు. తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవు వరకు అచ్చట జనసమ్మర్దము తగ్గదు. ఒక ప్రక్క సుల్తాన్‌బజారులో చీరలకును గాజులకును బేరమాడు స్త్రీలు, మరియొక ప్రక్క పాతపుస్తకముల దుకాణములలో తమకు కావలసిన పాఠ్యగ్రంథములను వెదకికొను విద్యార్థులు, బస్సులకై పరుగులిడు ఉద్యోగులు కనబడుదురు. మెట్రోరైలు కూడ ఆ పేట మీదుగా నడచుచున్నది. ఇంత సందడిలో ఒక్క నిమిషము నిలిచి, అచ్చటి పాతగోడల వంక చూచువారు అరుదు. చూచువారికి మాత్రము రెండువందల యేండ్ల చరిత్ర ఆ గోడలయందు కనబడును.

కోఠి యనగా ఉర్దూభాషలో పెద్ద భవంతి యని అర్థము. ఒక భవంతి పేరే పేటకంతకును పేరయ్యెను. ఆ భవంతి పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ.

ఈస్టిండియా కంపెనీవారు తమ పక్షమున సంస్థానాధీశుల ఆస్థానములలో నిలిపిన రాయబారికి రెసిడెంటు అని పేరు. అతడు పేరునకు రాయబారియే కాని, రాజ్యవ్యవహారములలో అతని మాటకు ఎదురు ఉండెడిది కాదు. 1798లో హైదరాబాదునకు రెసిడెంటుగా ఉన్నవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆ సంవత్సరముననే అతడు నిజాం అలీఖానుచే కంపెనీతో సంధి చేయించెను. దాని వలన నిజాము కొలువులోని ఫ్రెంచి నాయకుల పటాలములు రద్దయ్యెను. వాని స్థానమున కంపెనీ సేనలు నిలిచెను. ఆ సేనల ఖర్చు మాత్రము నిజాము భరింపవలసి వచ్చెను.

తన పదవికి తగిన భవనమొకటి కావలెనని కిర్క్‌పాట్రిక్ తలచెను. అందులకు వలసిన భూమిని గూర్చి ఒక వింతకథ కలదు. ఆనాడు హైదరాబాదులో అతనికి సహాయకుడుగా పనిచేసిన జాన్ మాల్కమ్ దానిని తరువాత వ్రాసి యుంచెను. కిర్క్‌పాట్రిక్ తాను కోరిన భూమిని పెద్ద కాగితముపై చక్కగా గీయించి నిజామునకు సమర్పించెనట. నిజాము దానిని అటునిటు చూచి, ఇచ్చుటకు వీలుకాదనెను. రెసిడెంటు చిన్నబోయి తిరిగి వచ్చెను. అప్పుడు మీర్ ఆలం అను ప్రభువు నవ్వి అసలు సంగతి చెప్పెను. నిజాము చూచిన తన రాజ్యపు పటములు కూడ ఇంచుమించుగ అంతే పెద్దవి! ఇంత పెద్ద పటము చూడగానే రాజ్యములో సగము అడుగుచున్నాడని ఆయన భయపడెను. అదే భూమిని చిన్న అట్టముక్కపై గీయించి చూపినచో చిక్కు ఉండదని అతడు సలహా చెప్పెను. కిర్క్‌పాట్రిక్ అట్లే చేసెను. నిజాము వెంటనే సమ్మతించెను. భూమి తగ్గలేదు, కాగితము మాత్రమే తగ్గినది!

మద్రాసు ఇంజనీరుల దళమునకు చెందిన శామ్యూల్ రస్సెల్ అను సైనికాధికారి ఆ భవనమునకు రూపకల్పన చేసెను. 1803, 1806 సంవత్సరముల నడుమ దాని నిర్మాణము సాగెను. ఖర్చు నిజాముది; భవనము కంపెనీది. ఉత్తరదిక్కున విశాలమైన మెట్లు, మెట్లకు ఇరువైపుల రెండు సింహములు, వానిపైన ఆరు మహాస్తంభములు, స్తంభములపై ముక్కోణపు గోడ, ఆ గోడపై కంపెనీవారి రాజచిహ్నము అమర్చిరి. ఇట్టి స్తంభములు గ్రీకు దేశపు ప్రాచీన దేవాలయములను తలపించును. దక్కను నేలపై, గోలకొండ గుమ్మటములకును చార్మినారు మినారులకును అలవాటుపడిన నగరవాసుల కన్నులకు ఆ కట్టడము ఎంత వింతగ తోచియుండునో ఊహింపవచ్చును.

ఇంతకంటె వింతయైన కట్టడము ఆ భవనము వెనుకతట్టున కలదు. అది పెద్ద భవనము యొక్క బుల్లిరూపము. స్తంభములతోను మెట్లతోను బొమ్మరిల్లువలె నిర్మింపబడినది. దాని వెనుక ఒక విషాదకథ కలదు.

కిర్క్‌పాట్రిక్ పారసీకము, హిందూస్థానీ నేర్చినవాడు. ఇచ్చటి ఉడుపులను, అలవాట్లను ఇష్టపడినవాడు. మీర్ ఆలము బంధువర్గములోని ఖైరున్నీసా అను యువతిని అతడు 1800 ప్రాంతమున ముస్లిం సంప్రదాయమున వివాహమాడెను. ఆమెకొరకు రెసిడెన్సీ ఆవరణలో రంగమహలు అను అంతఃపురమును కట్టించెను. ఆమె ఘోషాస్త్రీ యగుటచే పరపురుషులు తిరుగాడు ముందువైపునకు వచ్చుటకు వీలులేకుండెను. తన భర్త కట్టించుచున్న మహాభవనము ముందునుండి ఎట్లుండునో ఆమెకు తెలియుటకై అతడు తోటలో ఈ చిన్నరూపమును కట్టించెనని జనులు చెప్పుకొందురు.

వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి. 1805లో ఆ పసిబిడ్డలను చదువుకొరకు ఇంగ్లండునకు పంపిరి. ఓడ యెక్కుటకు ముందు మద్రాసులో జార్జి చిన్నరీ అను చిత్రకారుడు వారిని మొగలాయి దుస్తులలో చిత్రించెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను. ఖైరున్నీసా 1813లో కన్నుమూసెను. ఆమె తన బిడ్డలను మరల చూడలేదు. తరువాతి కాలమున రంగమహలును కూడ పడగొట్టిరి. బొమ్మరిల్లు మాత్రము ఎండకును వానకును దెబ్బలు తినుచు మిగిలినది.

రెసిడెన్సీ గోడలు తుపాకుల మ్రోతను కూడ విన్నవి. 1857లో ఉత్తరదేశమున రగిలిన తిరుగుబాటు వార్తలు హైదరాబాదును చేరెను. చీదాఖాను అను జమాదారు నగరమునకు పారిపోయి రాగా, నిజాము ప్రభుత్వము వారు అతనిని పట్టి రెసిడెంటునకు అప్పగించిరి. ప్రజలలో కోపము పెల్లుబికెను. జూలై 17వ తేదీన తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున కొన్ని వందలమంది రెసిడెన్సీపై దాడి వెడలిరి. పుత్లీబౌలి వైపున ఇద్దరు సాహుకారుల మేడలలో చేరి వారు కాల్పులు సాగించిరి. కాని ఫిరంగుల ముందు వారి తుపాకులు నిలువలేకపోయెను. తుర్రేబాజ్‌ఖాను చెరసాలనుండి తప్పించుకొనియు, 1859 జనవరిలో తూప్రాను సమీపమున కాల్పులలో మరణించెను. అల్లావుద్దీనును అండమాను దీవులకు పంపిరి. ఆనాడు దొరలు తమ శత్రువని తలచిన తుర్రేబాజ్‌ఖానునకు నేడు కోఠి బస్సునిలయము చెంత స్మారకస్తూపము కలదు.

రెసిడెన్సీ చుట్టును ఒక బజారు వెలసెను. దానికి రెసిడెన్సీ బజారు అని పేరు. అది నిజాము రాజధానిలోనే యున్నను, దాని పరిపాలన రెసిడెంటుదిగా ఉండెను. 1933లో దానిని నిజామునకు తిరిగి యప్పగించిరి. నేటి సుల్తాన్‌బజారు అదియే.

ఆ బజారులోనే తెలుగువారు మరువరాని కట్టడమొకటి కలదు. అది సింహములుగల భవనము కాదు, ఒక గ్రంథాలయము. ఆ దినములలో హైదరాబాదు రాజ్యమున ఉర్దూ రాజభాష. తెలుగు ప్రజలు లక్షలకొలది ఉన్నను వారి భాషకు పాఠశాలలలోను కచేరీలలోను తావు లేకుండెను. 1901 సెప్టెంబరు 1వ తేదీన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు మొదలగువారు కూడి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. హైదరాబాదు రాజ్యమున తెలుగు గ్రంథాలయోద్యమమునకు అది నాంది. కొన్ని బీరువాలు, కొన్ని పత్రికలు, చదువవలెనను ఆసక్తి — ఇవియే దాని మూలధనము.

ఆ ఆసక్తి ఎంత అవసరమైనదో ఇరువది యేండ్లకు మరల తెలియవచ్చెను. 1921 నవంబరులో ఆ సమీపముననే యున్న వివేకవర్ధనీ నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. మహర్షి కార్వే దానికి అధ్యక్షుడు. ఆంగ్లము, ఉర్దూ, మరాఠీ భాషలలోని ఉపన్యాసములను సభికులు శ్రద్ధగా వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడుటకు లేవగానే కొందరు చప్పట్లు చరచి, గేలిచేసి ఆయన మాట సాగనీయలేదు. తెలుగువారి మనస్సులు నొచ్చెను. వారు కోపముతో కలహమునకు దిగలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. గేలి చేసినవారికి వారిచ్చిన సమాధానము అది.

స్వాతంత్ర్యముతో రెసిడెంట్ల కాలము ముగిసెను. 1924లో ప్రారంభమైన మహిళాకళాశాల 1949లో రెసిడెన్సీ భవనమునకు తరలివచ్చెను. దర్బారు జరిగిన భవనమున పాఠములు మొదలయ్యెను. ఏ మెట్లను ఖైరున్నీసా ముందునుండి చూచుటకైనను నోచుకొనలేదో, ఆ మెట్లమీదుగా వేలకొలది బాలికలు పుస్తకములు చేతబట్టి నడచిరి. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. తాను చెమటోడ్చి పండించిన పంటను విసునూరు దేశముఖు కాజేయబూనగా, పాలకుర్తిలో భయపడక ఎదిరించి నిలిచిన సామాన్యస్త్రీ ఆమె. కంపెనీ రాజచిహ్నము చెక్కిన భవనము నేడు ఒక రజకస్త్రీ పేరుగల విశ్వవిద్యాలయమున భాగమై యున్నది.

రెండు శతాబ్దముల వానలకు ఆ భవనము పైకప్పులు కారి, గోడలు శిథిలమయ్యెను. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అను సంస్థ దానిని ప్రమాదమునందున్న కట్టడముల జాబితాలో చేర్చెను. అటుపిమ్మట యెన్నో యేండ్లు మరమ్మతులు సాగి, 2023లో భవనము మరల తెరువబడెను. సున్నపుపని తెలిసిన మేస్త్రీలు, వడ్రంగులు ఓర్పుతో శ్రమించుటచేతనే అది సాధ్యమైనది. కట్టుటకు మూడేండ్లు పట్టిన భవనమును కాపాడుటకు అంతకు ఎన్నో రెట్లు కాలము పట్టినది!

పాతకట్టడములను కాపాడుటయనగా వానిని కట్టించినవారిని పొగడుట కాదు. ఆ రాళ్లయందు దొర ఠీవియు కలదు. ఒక తల్లి దుఃఖమును, ఒక వీరుని మరణమును, ఒక భాష పట్టుదలయు కలవు. గోడ కూలినచో వానిని చెప్పు సాక్షి లేకపోవును. కోఠికి పోవువారు బేరములు ముగించుకొని, ఆ సింహముల యెదుట కొంచెము సేపు నిలువవలెను. కోఠికి పోలేనివారు తమ ఊరిలోని పాతబావికో, చావడికో, మంటపమునకో ఆ పేరెట్లు వచ్చెనని ఇంటి పెద్దలను అడుగవలెను. అడుగువారు ఉన్నంతకాలము ఆ కథలు నిలిచియుండును.

ప్రశ్నలు

1. కోఠి అను పేరు ఆ పేటకు ఎట్లు వచ్చెను?
2. మీర్ ఆలం చెప్పిన సలహా యేది? దానివలన మనకు తెలియునది యేమి?
3. వివేకవర్ధనీ సభలో జరిగిన అవమానమునకు తెలుగువారు ఎట్లు సమాధానమిచ్చిరి?
4. మీ ఊరిలోని ఒక పాతకట్టడమును గూర్చి పెద్దలనడిగి పది వాక్యములు వ్రాయుడు.