పొరుగింటి పొగగొట్టము

మార్గశిరము మొదలుకొని మాఘము వరకు మన బీదరు పీఠభూమిపై చలి మెండు. ఈ దినములలో వేడినీళ్లు లేనిదే పిల్లలు స్నానమునకు లేవరు. కొందరి యిండ్లలో కట్టెల పొయ్యిపై కాగు, కొందరి యిండ్లలో నడుమ గొట్టము గల రాగి బాయిలరు, కలిగినవారి యిండ్లలో గ్యాసు గీజరు. ఆ రాగిపాత్రనే తెలుగువారు బాయిలరనియు, మరాఠీవారు బంబ యనియు, ఉర్దూ మాటలాడువారు హమామనియు పిలుతురు. పేరేదైనను లోపలి నిప్పు ఒక్కటియే. ఆ నిప్పునుండి వెలువడు వాయువు ఎచ్చటికో యొకచోటికి పోవలెను. పొరుగింటి గొట్టమునుండి అది మన కిటికీలోనికి వచ్చుచున్నప్పుడు ఏమి చేయవలెనో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పొగలో రెండు భాగములు గలవు. కంటికి కనబడు మసి మొదటిది. దానిచే కన్నులు మండును, దగ్గు వచ్చును, ఆరవేసిన బట్టలు నల్లబడును. వీధిలోని తగవులన్నియు దీనిని గూర్చియే. కంటికి కనబడనిది రెండవది; దాని పేరు కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్నులను మండింపదు. నిప్పునకు చాలినంత గాలి తగులనప్పుడు కట్టెలు గాని, బొగ్గు గాని, వంటగ్యాసు గాని సంపూర్ణముగా కాలక ఈ వాయువును పుట్టించును. మన రక్తములో ప్రాణవాయువును మోసికొని పోవు హీమోగ్లోబిన్ అను పదార్థము కలదు గదా. అది ప్రాణవాయువుకంటె ఈ విషవాయువును రెండువందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. ఒకమారు పట్టుకొన్న పిమ్మట త్వరగా విడువదు. అందుచే గదిలో గాలి ఉన్నట్లే యుండును, మనిషి మాత్రము లోపల ఊపిరికి కరవై పోవుచుండును.

ఇది బరువైన వాయువు కాబట్టి నేలపై పరచుకొనుననియు, మంచముపై పడుకొన్నవారికి భయము లేదనియు కొందరు చెప్పుదురు. అది సరికాదు. దీని బరువు సుమారుగా గాలి బరువంతయే గనుక గదియంతటను సమముగా కలిసిపోవును. నేలకు దిగునది కాలని వంటగ్యాసు. ఈ రెంటిని కలగాపులగము చేయరాదు. మరియొక భ్రమ గ్యాసు గీజరును గూర్చినది. పొగ కనబడదు గనుక దానికి గొట్టమే అక్కరలేదని తలచువారు కలరు. మన దేశపు వైద్యులు గ్యాసు గీజరు సిండ్రోము అని ఒక వ్యాధికి పేరే పెట్టవలసి వచ్చినదన్న ఇక చెప్పవలసినదేమున్నది! 2020వ సంవత్సరము జనవరిలో నేపాలులోని దామన్ అనుచోట విహారమునకు పోయిన కేరళీయులు ఎనమండుగురు, వారిలో నలుగురు పిల్లలు, చలికి తలుపులు మూసి గ్యాసు హీటరు వెలిగించుకొని నిద్రించి, తెల్లవారి లేవలేదు. అది వారు విడిసిన గదిలోని నిప్పే. గోడ కావలి నిప్పైనను, గొట్టము చివర మన కిటికీ క్రిందనే యున్నచో, కిటికీ సందులలోనుండియు, గోడ పగుళ్లలోనుండియు చేరు వాయువు అదియే.

గుర్తించుట ఎట్లు? తలనొప్పి, తల తిరుగుడు, వాంతి, కాళ్లలో నిస్సత్తువ, మత్తు. ఇవి జ్వరమునకును ఉండవచ్చును. కాని జ్వరము లేకుండ ఇంటిలోని వారందరికి ఒకే వేళ ఇట్లయినచో, బయటికి వచ్చిన కొంతసేపటికి తేరుకొన్నచో, పొరుగున బాయిలరు వెలిగించు వేళకే మరల వచ్చుచున్నచో, సంశయింపవలెను. ఉదయము తల పట్టుకొని బడికి వచ్చి, ప్రార్థన ముగిసి రెండు పీరియడ్లు గడచునప్పటికి చక్కగా ఆడుకొను పిల్లవానిని చదువెగవేయు సాకుగాడని కొట్టివేయుట సులభము. ఆ పిల్లవాడు పడుకొను గది కిటికీ ఎటువైపునకు తెరచియున్నదో చూచిన పిమ్మట ఆ మాట అనవచ్చును.

ఇక గొట్టము సంగతి. వేడిగాలి తేలికయై పైకి లేచుటచే పొగ పైకి పోవును. గొట్టము ఎంత నిటారుగ, ఎంత ఎత్తుగ నుండునో ఈడ్పు అంత బలముగ నుండును. గోడలో రంధ్రము చేసి అడ్డముగా ఒక మూర గొట్టము బయటికి పెట్టినచో ఈడ్పు చాలదు. ఎదురుగాలి తగిలినప్పుడు పొగ వెనుకకే మరలును. ప్రక్కయిల్లు ఎత్తయినదైనచో ఆ గోడకు తగిలిన గాలి క్రిందికి సుడి తిరిగి పొగను నేలకు అణచును. అమెరికాలో పొగగొట్టములకు ఒక కొలత పాటింతురు: కప్పునుండి బయటికి వచ్చిన చోట మూడడుగుల ఎత్తునకు తక్కువ కారాదు, పది అడుగుల లోపల నున్న దేనికంటెను రెండడుగులు ఎత్తుగ నుండవలెను. మన వీధులలో గోడకు గోడ కలిసియున్న యిండ్లకు ఈ కొలత సంపూర్ణముగా కుదరకపోయినను, రేకు గొట్టమునకు ఇంకొక ముక్క తగిలించి మేడపిట్టగోడను దాటించుట పెద్ద పని కాదు. తుప్పుపట్టిన గొట్టము, అతుకుల వద్ద మసి చారలు, పిచ్చుకగూడు, విరిగిన మూత, వీనిని వీధిలో నిలుచుండియే చూడవచ్చును. గ్యాసు మంట నీలముగా గాక పసుపుపచ్చగా నుండుట చెడ్డ గుర్తు. అయితే అది పొరుగువారి స్నానపుగదిలోని సంగతి గనుక వారే చూచుకొనవలెను.

ఒంట్లో బాగులేదనిపించిన క్షణమున తర్కింపరాదు. అందరును బయటికి రావలెను. స్పృహ తప్పినవారికై 108కి, గ్యాసు కారుచున్నదన్న అనుమానమునకు 1906కు, నిప్పు అంటుకొన్నచో 101కి ఫోను చేయవలెను. వైద్యునితో పొగ సంగతి తప్పక చెప్పవలెను. చెప్పనిచో ఆయన పైత్యమనుకొని మాత్ర ఇచ్చి పంపవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక. కోపము పట్టలేక పొరుగువారి గొట్టములో గుడ్డలు కుక్కుట, ఇటుక అడ్డుపెట్టుట ఎన్నడును చేయరాదు. బయటికి పోవలసిన వాయువు వారి స్నానపుగదిలోనికి తిరిగిపోవును. అచ్చట లోపల గడియ పెట్టుకొని నీళ్లు పోసికొనుచున్నది వారి బిడ్డ కావచ్చును. ఇది తగవు కాదు, హత్య.

మాటలాడుట మొదటి మెట్టు. పొగ వచ్చుచున్న ఉదయమున, నలుగురి ముందర, గోడ మీదుగా కేకలు వేసినచో పని చెడును. సాయంకాలము ఇంటికి పోయి, "అన్నా, మీ గొట్టము సగములో చిల్లిపడినది, మా గదిలోనికి వచ్చు వాయువు మీ స్నానపుగదిలోనికి రాకుండ ఉండునా?" అని అడిగినచో వినువారే ఎక్కువ. ప్రమాదము మొదట వారికే గనుక ఇది యుక్తి కాదు, సత్యము. అద్దె యిల్లైనచో గొట్టము యజమానిది గనుక ఆయనకును చెప్పవలెను. ముక్క గొట్టము ఖర్చులో సగము మేమిత్తుమనుట అవమానమని నాకు తోచదు. డాక్టరు ఫీజుకంటె అది చౌక.

విననిచో వ్రాయవలెను. ఇక్కడ మనవారు వెనుకాడుదురు. కార్యాలయపు భాష కన్నడము, మనకు వ్రాత రాదు, ఎందుకు వచ్చిన గొడవ అని ఊరకుందురు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, కష్టనివారణ కోరుచు ఏ అధికారికైనను, దేశములో గాని ఆ రాష్ట్రములో గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను విన్నపము చేసికొను హక్కు ప్రతివానికి కలదు. తెలుగులో వ్రాసిన అర్జీ చెల్లదనుటకు వీలులేదు. అయినను కన్నడములో ఒక ప్రతి జతపరచినచో పని త్వరగా జరుగును. మన పెద్ద తరగతుల పిల్లలు ఆ ప్రతిని వ్రాయగలరు, వ్రాయనిండు.

ఎవరికి వ్రాయవలెను? బాయిలర్ల ఇన్స్పెక్టరునకని పలువురు తలతురు. 1923 నాటి బాయిలర్ల చట్టము స్థానములో 2025లో క్రొత్త చట్టము చేయబడినది. అయితే అది ఆవిరి పుట్టించు యంత్రములకు సంబంధించినది. ఇరువదియైదు లీటర్లకు తక్కువ పాత్రలు, నూరు డిగ్రీలకు లోపల నీళ్లు కాచునవి దాని పరిధిలోనికి రావు. కావున స్నానపు బాయిలరునకు ఆ ద్వారము మూసియున్నది. గ్రామ పంచాయతీ అభివృద్ధి అధికారికి వ్రాయుట సరియైన మార్గము. పొగ వీధివారి కందరికి హానియైనచో, మేజిస్ట్రేటు దానిని తొలగింప నాజ్ఞాపించు అధికారము పూర్వము 133వ సెక్షనులో నుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 152వది. పొగ ఒక్క మన యింటికే హానియైనచో సివిలు కోర్టులో నిషేధాజ్ఞ కోరవలసి యుండును. అది దీర్ఘమైన దారి.

ఈ 133వ సెక్షను క్రింద గోవింద్ సింగ్, శాంతి సరూప్ అను వారి మధ్య వ్యాజ్యమొకటి సుప్రీము కోర్టు వరకు పోయి 1979 నాటి లా రిపోర్టులలో ప్రకటింపబడినది. వివాదము ఒక రొట్టెల బట్టీ, దాని పొగగొట్టము. చుట్టుప్రక్కల వారి ఆరోగ్యమునకు పొగ హానికరమని మేజిస్ట్రేటు స్వయముగా చూచి తేల్చెను. కన్నులారా చూచినవాని అభిప్రాయమును అంగీకరించుటయే క్షేమమని న్యాయస్థానము భావించి, బట్టీని గొట్టమును తీసివేయవలసినదే యనెను. కాని అచ్చట రొట్టెల వ్యాపారమే చేయరాదన్న భాగమును మాత్రము కొట్టివేసెను. ఈ విభజన నాకు మిక్కిలి నచ్చినది. పొరుగువాని జీవనము ఆగనక్కరలేదు, గొట్టము మారిన చాలును.

కావున అర్జీలో పొరుగువాని గుణగణములు వ్రాయరాదు. ఏ తేదీన, ఏ వేళ, ఎంతసేపు పొగ వచ్చినది, గొట్టము చివర మన కిటికీకి ఎన్ని అడుగుల దూరము, ఇంట ఎవరికి ఏమి బాధ కలిగినది, వైద్యుడు ఏమి వ్రాసియిచ్చెను, కోరునదేమి, ఇంతియే. ఫోటో ఒకటి జతపరచవలెను. ఇరుగుపొరుగు ముగ్గురు నలుగురు సంతకము చేసినచో మేలు. వచ్చి కన్నులారా చూడవలసినదిగా ఒక వాక్యము తప్పక ఉండవలెను. చూచునట్టి వేళ ఉదయము ఆరు గంటలని కూడ వ్రాయవలెను, ఏలయన పదకొండు గంటలకు వచ్చిన అధికారికి చల్లని గొట్టము మాత్రమే కనబడును. రెండు ప్రతులు తీసికొనిపోయి, ఒకదానిపై తేదీతో కార్యాలయపు ముద్ర వేయించుకొని ఇంట భద్రపరచవలెను.