పీట్ కింద పొలాలు



పురావస్తు శాస్త్రం చదవబోతున్నావు కనుక ముందు ఐర్లండ్‌లోని బెహీ సంగతి తెలుసుకో. మేయో కౌంటీలో, అట్లాంటిక్ తీరాన ఉన్న టౌన్‌ల్యాండ్ అది. టౌన్‌ల్యాండ్ అంటే ఊరు కాదు, పేరూ పొలిమేరలూ ఉన్న కాస్త నేల. ఐర్లండ్ దీవిలో అలాంటివి 60,000కు పైగా ఉన్నాయి. కొన్నిట్లో ఒక్క ఇల్లూ ఉండదు.

బెహీలో పైకి కనిపించేది పీట్ నేలే. తడిలో మొక్కలు పూర్తిగా కుళ్లక, ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి పొర. కొన్నిచోట్ల నాలుగు మీటర్ల మందం. రైతులు దాన్ని దిమ్మెలుగా కోసి, ఎండబెట్టి పొయ్యిలోకి వాడేవారు. 1930లలో ఆ దగ్గరే బెల్డెరిగ్‌లో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే బడిపంతులు పీట్ కోస్తుంటే అడుగున రాళ్లు తగిలాయి. రాళ్లు తగలడం అక్కడ వింతేమీ కాదు. ఎవరో పేర్చినట్టున్న వాటి వరుసే ఆయన కంట పడింది. పైన పీట్ పెరగకముందే పేర్చి ఉండాలని ఆయన అనుకున్నారు.

ఆయన కొడుకు షేమస్ పురావస్తు శాస్త్రవేత్త అయ్యారు. 1970లలో బెహీలో పీట్ కింది గోడల వెంట పడ్డారు. ఎడాపెడా తవ్వించలేదు. చెరువులో పూడిక ఎంతుందో కర్ర దింపి చూసినట్టే, పొడవాటి ఇనుప చువ్వలు దింపించారు. మామూలు చోట చువ్వ అడుగు నేలదాకా దిగుతుంది, గోడ ఉన్నచోట ముందే ఆగుతుంది. ఆగినచోటల్లా వెదురు కర్ర గుచ్చుకుంటూ పోతే, కింది గోడ ఎటు పోతోందో పైన తెలిసిపోతుంది. నేల పాడవదు, ఖర్చూ తక్కువ. బారులు తీరిన పొడవాటి గోడలు, మధ్య అడ్డగోడలు, మొత్తం ఒక పొలాల అల్లిక బయటపడింది. ఈ పొలాలనే కేజ ఫీల్డ్స్ అంటారు.

బెహీలో ఒక రాతి సమాధి కూడా ఉంది: ముందు రాళ్ల ముంగిలి, వెనక గదులు. అదీ పీట్‌లో కూరుకుపోయినదే.

ఇక వయసు. ఈ పొలాలు క్రీ.పూ. 3500 ప్రాంతానివని, ప్రపంచంలోనే అతి పాతవని చాలాకాలం చెప్పుకున్నారు. 1993లో పిరమిడ్ ఆకారంలో సందర్శకుల కేంద్రం కూడా కట్టారు. 2017లో ఆండ్రూ వైట్‌ఫీల్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త అడ్డం తిరిగారు. ఇవి కాంస్యయుగానివి, అంటే వేల ఏళ్లు తర్వాతివి కావచ్చని ఆయన వాదన. నా మటుకు నాకు, పర్యాటకుల కరపత్రాల కన్నా ఈ తగవే ఎక్కువ నేర్పుతుంది. గోడ రాయికి కార్బన్ పరీక్ష కుదరదు. దాని చుట్టుపక్కల దొరికిన బొగ్గు, పైన్ చెట్ల మొదళ్లు, పీట్, వీటి వయసే కొలవాలి. వీటికీ గోడకూ సంబంధం ఏమిటన్నది ఎవరికి వారు రుజువు చేయాల్సిందే.

ఇరుపక్షాల వాదనలూ దొరకబుచ్చుకుని చదువు. చదివేటప్పుడు ప్రతి తేదీ పక్కనా అది దేనిదో పెన్సిల్‌తో రాసుకో: గోడ కింది మట్టిదా, పక్కనున్న మొదలుదా, పైన పెరిగిన పీట్‌దా.