రంగుటద్దాల కిటికీలు: తయారీ, చరిత్ర, పరిరక్షణ

గాజు అనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి లాబొరేటరీలోని పరీక్షనాళికలు, లేకపోతే అక్కచెల్లెళ్ళ చేతి గాజులు. కాని అదే గాజును ముక్కలుగా కోసి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి అతికి, సూర్యుణ్ణే దీపంగా చేసుకొని బొమ్మను చూపించే కళ ఒకటున్నది. యూరప్ చర్చిలలో పుట్టి పెరిగిన ఆ కళ మన తెలంగాణకూ వచ్చింది. మెదక్ చర్చి చూసినవారికి నేను చెప్పేది వెంటనే బోధపడుతుంది. సైన్సు విద్యార్థిగా నన్ను ఆకర్షించింది ఆ అందం ఒక్కటే కాదు, దాని వెనుక ఉన్న రసాయనశాస్త్రం కూడా.

తయారీ విధానం

చాలామంది ఈ అద్దాల మీద రంగు పూస్తారని అనుకుంటారు. అది సరికాదు. రంగు గాజు లోపలే ఉంటుంది. గాజు కరిగి ఉన్నప్పుడు కోబాల్టు కలిపితే నీలం, మాంగనీసు కలిపితే ఊదా, ఇనుము వల్ల ఆకుపచ్చ, పసుపు ఛాయలు వస్తాయి. ఎరుపు రాగి వల్ల వస్తుంది. కాని ఆ ఎరుపు ఎంత చిక్కనిదంటే, పలక మొత్తం అదే గాజుతో చేస్తే నల్లగా కనిపిస్తుంది. అందుకని తెల్ల గాజు మీద పలుచని ఎర్ర పొరగా పరిచేవారు. 1300 ప్రాంతంలో వెండి లవణంతో పసుపు తెప్పించడం నేర్చుకున్నారు. వేడికి వెండి గాజులోకి చొరబడి అతి సూక్ష్మమైన రేణువులుగా నిలిచిపోతుంది. ఈనాడు మనం నానో రేణువులని గొప్పగా చెప్పుకునేవి అవే!

12వ శతాబ్దం మొదట్లో థియోఫిలస్ అనే పేరుతో ఒక సన్యాసి ఈ పనినంతా గ్రంథంగా రాశాడు. బీచ్ చెట్టు కట్టెల బూడిద రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు కలిపి కరిగించమన్నాడు. సున్నం పూసిన బల్ల మీద కిటికీ బొమ్మను అసలు సైజులో గీసుకొని, కాలిన ఇనుప కమ్మీతో గాజును పగలగొట్టి, అంచులు కొరికి సరిచేసి, ముక్కలను ఆ బొమ్మ మీద పేర్చుతారు. ముఖం, వేళ్ళు, బట్టల మడతల గీతలు మాత్రం గాజు పొడి, లోహపు పొడి కలిపిన నల్లరంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. తరువాత ముక్కల అంచులను రెండు పక్కలా గాడి ఉన్న సీసపు పట్టీలలో దూర్చి, కీళ్ళ దగ్గర టంకం పెడతారు. సీసం మెత్తనిది కనుక ఎటు వంచితే అటు వంగుతుంది. అందుకే దానిని ఎన్నుకున్నారు.

చరిత్ర

ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చి 1194లో కాలిపోయింది. ఆ మంటల్లో నీలిరంగు మేరీమాత కిటికీ బొమ్మ దక్కింది. తిరిగి కట్టిన చర్చిలో 13వ శతాబ్దపు కిటికీలు నేటికీ చాలావరకు ఉన్నాయి. వాటిలో ఒకటి నెలల వారీ పనుల కిటికీ. కోతలు కోసేవాళ్ళు, ద్రాక్ష పనివాళ్ళు అందులో కనిపిస్తారు. రాజులూ దేవదూతలూ ఉండే చోట కొడవలి పట్టుకున్న రైతుకూ జాగా ఇచ్చారని తెలిసి, రైతు బిడ్డగా నాకు సంతోషం కలిగింది.

ఇంగ్లండులో యార్క్ చర్చి తూర్పు కిటికీని జాన్ తోర్న్‌టన్ 1405లో మొదలుపెట్టి 1408లో ముగించాడు. ఒప్పందం ప్రకారం ఆయనకు ముట్టినది 56 పౌండ్లు. మొత్తం 311 పలకలు. టెన్నిస్ కోర్టంత వైశాల్యం! తరువాతి కాలంలో మతకలహాల్లో విగ్రహాలతోబాటు ఇలాంటి కిటికీలెన్నో పగిలిపోయాయి. 1939లో యుద్ధభయంతో షార్త్ర్ కిటికీలను ఊడదీసి దూరంగా దాచిపెట్టి కాపాడుకున్నారు.

మన మెదక్ చర్చి 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెలవాళ్ళకు ఆ పని వల్లనే ఇంత తిండి దొరికిందని మా వైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడి మూడు పెద్ద కిటికీలు లండన్ నుంచి వచ్చాయి. క్రీస్తు ఆరోహణ కిటికీ 1927లో, జననం 1947లో, శిలువ 1958లో అమర్చారు. పొద్దు గూకితే బొమ్మ మాయమైపోతుంది.

గాజుకు వచ్చే జబ్బు

ముందుగా ఒక అపోహ. పాత కిటికీ గాజు అడుగున దళసరిగా ఉంటుందనీ, గాజు ద్రవం గనుక శతాబ్దాల తరబడి కిందికి జారిందనీ కొన్ని పుస్తకాల్లో కూడా రాస్తారు. ఇది తప్పు. ఆ రోజుల్లో గాజును నోటితో ఊది పలకలు చేసేవారు కనుక మందం ఎక్కడా సమంగా ఉండేది కాదు. మామూలు వేడిలో గాజు కంటికి కనిపించేటంత జారాలంటే ఈ విశ్వం వయసు కూడా చాలదు.

అసలు శత్రువు నీళ్ళు. ఈ సంగతి ఇంట్లో చెపితే మా బాపు, "అద్దానిగ్గూడ చీడ పడ్తదా?" అని అడిగాడు. ఆయనకు చెప్పిన పోలికే ఇక్కడా చెపుతాను. ఇసుక నేలలో వేసిన పొటాష్ పెద్దవానకు కొట్టుకుపోతుంది కదా! కట్టెల బూడిదతో చేసిన పాత గాజులో పొటాష్, సున్నం చాలా ఎక్కువ. సిలికా సుమారు సగమే. నేటి కిటికీ గాజులో సిలికా నూటికి 70 పాళ్ళకు పైన. పాత గాజు మీద తేమ నిలిస్తే నీటిలోని హైడ్రోజన్ అయాన్లు లోపలికి పోయి పొటాషియం, కాల్షియం అయాన్లు బయటికి వస్తాయి. పొగలోని గంధకపు వాయువుతో ఆ కాల్షియం కలిసి జిప్సంగా మారి తెల్లని చెక్కు కడుతుంది. అద్దం మీద మశూచి మచ్చల వంటి గుంటలు పడతాయి. లోపలి వైపు నీటి ఆవిరి చెమ్మగా దిగితే నల్ల గీతలు రాలిపోతాయి. ముఖానికి కళ్ళే లేకుండా పోతాయన్న మాట!

పరిరక్షణ

వెనుకటి రోజుల్లో కొందరు ఆమ్లంతో తోమారు. మురికితోబాటు గాజు పైపొర కూడా పోయింది. ఇప్పటి పద్ధతి వేరు. మొదట ప్రతి పలకకూ ఫోటో తీసి, ఏ ముక్క ఏ కాలానిదో రాసుకుంటారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి, లవణాలు లేని నీటిలో ముంచిన దూదితో తుడుస్తారు. పగుళ్ళను ఎపాక్సీ వంటి జిగురుతో అతుకుతారు. అన్నిటికంటే ముఖ్యమైనది బయటివైపు మామూలు అద్దంతో రెండో కిటికీ బిగించి, నడుమ గాలి ఆడేటట్టు ఖాళీ ఉంచడం. అప్పుడు పాత గాజుకు వాన తగలదు, చెమ్మ నిలవదు. ఏ పని చేసినా రేపు మరొకరు దానిని విప్పడానికి వీలుండాలన్నది వారి నియమం. యార్క్ తూర్పు కిటికీని 2008లో దింపితే చివరి పలక 2018లో గాని తిరిగి ఎక్కలేదు. తయారీకి మూడేళ్ళు, బాగుచేతకు పదేళ్ళు!

సీసానికీ వయసుంది. ఎండకు సాగి, చలికి ముడుచుకొని నూరు, నూటయాభై ఏళ్ళకు అలసిపోతుంది. అప్పుడు పలక పొట్ట ఉబ్బినట్టు ముందుకు వస్తుంది. 1984లో యార్క్‌లో పైకప్పు అంటుకున్నప్పుడు గులాబి కిటికీ వేలాది పగుళ్ళు వేసినా కింద పడలేదు. కొన్నేళ్ళ ముందే కొత్త సీసం వేసి ఉండడం దానిని నిలబెట్టింది.

మన మెదక్ మొదటి కిటికీకి 2027తో నూరేళ్ళు నిండుతాయి. దాని గాజు షార్త్ర్ గాజంత బలహీనమైనది కాకపోవచ్చు, కాని సీసానికి, పుట్టీకి ఆ వయసు వచ్చేసింది. మన ఎండలూ మన వానలూ సామాన్యమైనవి కావు. చూడవలసినవేమిటంటే: పలక ఉబ్బిందా, కీళ్ళ దగ్గర టంకం చిట్లిందా, పుట్టీ రాలుతున్నదా, తెల్ల చెక్కు కట్టిందా. ఇవి దూరం నుంచి చూసి, ఏటేటా ఫోటోలు తీసి పోల్చుకుంటే తెలిసే సంగతులే. డిగ్రీ విద్యార్థులు చేయగలిగిన పనే. తుడవడం, అతకడం మాత్రం తెలిసినవారికే వదలాలి.

కెమిస్ట్రీ చదివి ఎరువుల కంపెనీలోనో మందుల కంపెనీలోనో చేరడమే దారి అని మనలో చాలామంది అనుకుంటున్నాం. పాత గాజుకు, పాత రాతికి, పాత కాగితానికి వైద్యం చేయడం కూడా కెమిస్ట్రీయే. ఈసారి మెదక్ వెళ్ళే మిత్రులు ఎండ బాగా ఉన్న వేళ చూసి వెళ్ళండి, బొమ్మతోబాటు నల్లని సీసపు గీతలను కూడా ఒక్క నిమిషం చూడండి. చేత్తో మాత్రం తాకకండి.