బాలల పుస్తకాలకు బొమ్మలు - ప్రారంభకులకు కొన్ని పాఠాలు

అక్షరజ్ఞానం లేని శిశువు సైతం చదువగలిగిన భాష బొమ్మ. పుస్తకం తెరచిన పసివాని చూపు వాక్యం మీద గాక చిత్రం మీదనే ముందుగా నిలుస్తుంది. ఈ సత్యాన్ని గ్రహించిన కొమీనియస్ అనే విద్యావేత్త 1658లో నూరెంబర్గ్ నగరంలో ‘ఆర్బిస్ పిక్టస్’ అనే సచిత్ర పాఠ్యగ్రంథాన్ని ప్రకటించాడు. బాలల కొరకు వెలువడిన తొలి సచిత్ర గ్రంథాలలో అది ప్రసిద్ధమైనది.

ఈ విద్యలో మన తెలుగువారి సంపద తక్కువేమీ కాదు. 1947 జూలైలో మద్రాసు నుండి ప్రారంభమైన ‘చందమామ’ ముద్రణ నేడు నిలిచిపోయినప్పటికీ, వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు, భుజాన శవాన్ని మోస్తూ చేత కత్తి ధరించి నడిచే విక్రమార్కుని శంకర్‌గారి చిత్రం మన స్మృతిలో చెదరలేదు. బాపుగారు న్యాయశాస్త్ర పట్టభద్రులు. కనుక ఈ మార్గంలో అడుగిడుటకు ఫలానా పట్టా ఉండితీరవలెనన్న నియమం లేదు. కావలసినది నిత్య సాధన. ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకు చదవడం వల్ల చేతికి క్రమశిక్షణ అలవడుతుంది.

మొదటి పాఠం పరిశీలన. నాలుగేళ్ళ బిడ్డ తల, పెద్దవారి తలతో పోల్చినప్పుడు, శరీర నిష్పత్తిలో పెద్దదిగా ఉంటుంది. పెద్దమనిషిని చిన్నదిగా గీసినంత మాత్రాన పిల్లవాడు కాడు. పిల్లలు ఎట్లా కూర్చుంటారో, అలిగినప్పుడు భుజాలు ఎట్లా వాలుతాయో బజారులోనూ, బస్సు నిలిచేచోటా చూచి, చిన్న నోటుపుస్తకంలో దినమూ గీయవలెను.

రెండవ పాఠం పాత్ర నిలకడ. నా విద్యార్థి దశలో ఒక కథకు పన్నెండు బొమ్మలు వేసి ఎంతో గర్వంతో ఒక సంపాదకునికి చూపినాను. ఆయన మూడవ బొమ్మను, తొమ్మిదవ బొమ్మను ప్రక్కప్రక్కన పెట్టి, “వీరిద్దరూ అన్నదమ్ములా?” అని అడిగినారు. ఒకే బాలుడు రెండు ముఖాలతో ఉన్నాడు! ఆనాడు సిగ్గుపడ్డాను గాని, నేర్చుకున్నాను. కథ ఆరంభించకముందే ఒక కాగితంపై ఆ పాత్రను ముందునుండి, ప్రక్కనుండి, వెనుకనుండి, నవ్వుతూ, ఏడుస్తూ గీసి ఎదుట పెట్టుకొనవలెను.

మూడవ పాఠం పుస్తక నిర్మాణం. పెద్ద కాగితాన్ని మడచి ముద్రించే పద్ధతి వల్ల పిల్లల పుస్తకాలు తరచుగా 16, 24 లేక 32 పుటలలో వస్తాయి. అందుచేత కాగితాలు మడిచి చిన్న నమూనా పుస్తకం కుట్టి, ఏ పుటలో ఏ సంఘటన రావలెనో పెన్సిలుతో నిర్ణయించుకోవాలి. ఆశ్చర్యం కలిగించే ఘట్టం పుట త్రిప్పిన తరువాత రావలెను. ముందుగానే ఎదుటి పుటలో కనిపిస్తే రసభంగం. ముఖ్యమైన ముఖం కుట్టు వచ్చే నడిమి మడతలో పడరాదు. వాక్యం చెప్పినదానినే బొమ్మ మరల చెప్పుట వృథా. “వాన వచ్చింది” అని రచయిత వ్రాస్తే, తడుస్తున్న మేకపిల్లను చూపుట చిత్రకారుని పని.

మన కళాశాలవంటి ఉభయభాషా విద్యాలయంలో చదివేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. తెలుగు పుస్తకం ఎడమనుండి కుడికి సాగుతుంది. ఉర్దూ పుస్తకం కుడినుండి ఎడమకు తెరచుకుంటుంది. తెలుగులో ముందుకు పరుగెత్తే గుర్రం ఉర్దూ పుస్తకంలో వెనుకకు పరుగెత్తినట్లు తోస్తుంది. పోనీ, బొమ్మను అద్దంలో వలె తిరగవేస్తే నాయనమ్మ ఎడమచేతితో అన్నం తింటుంది, దుకాణంపై పేరు ఎడమకుడి తారుమారౌతుంది. రెండు లిపుల నడకనూ ఎరిగిన చిత్రకారుడు ఈ చిక్కును గీసేనాడే తప్పించగలడు. ఇది మీకు పుట్టుకతో వచ్చిన మూలధనం.

ఇక ప్రచురణకర్తలను సమీపించుట. 1957లో ఢిల్లీలో వెలసిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, నేషనల్ బుక్ ట్రస్టు, చెన్నైలోని తులిక, తారా మొదలైన సంస్థల పుస్తకాలను ముందు చదివి, వారి అభిరుచి తెలిసికొనవలెను. పది, పదిహేను మంచి బొమ్మలు చాలును. వానిలో ఒకే పాత్ర కనీసం మూడు సన్నివేశాలలో కనబడవలెను. మూలచిత్రాలు పంపక నకళ్ళు పంపండి. తిరస్కారానికి క్రుంగవద్దు. బియాట్రిక్స్ పాటర్ కుందేలు కథను పలువురు ప్రచురణకర్తలు త్రోసిపుచ్చగా, ఆమె 1901లో స్వంత ఖర్చుతో 250 ప్రతులు ముద్రించుకున్నది. మరుసటి ఏడే ఒక ప్రచురణ సంస్థ దానిని ప్రచురించింది.

పారితోషికం, హక్కులు వ్రాతపూర్వకంగా ఉండవలెను. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి వేయించుకున్న వర్ణచిత్రానికి వేయించుకున్నవారే తొలి హక్కుదారులు. ఇది తెలియక సంతకం చేసినవారు తమ బొమ్మలపై అధికారాన్ని కోల్పోతారు. కాబట్టి ఎన్ని ముద్రణలకు, ఎన్నేళ్ళకు అనేది అడుగుటకు మొగమాటపడరాదు. ఆరంభంలో ఈ వృత్తి ఒక్కటే ఇల్లు గడుపదు. అధ్యాపకత్వమో, మరొక ఉద్యోగమో తోడుగా ఉంచుకొనుట వివేకం.

మొన్న మా ఇంటిలోని అయిదేళ్ళ పాప ఒక కథల పుస్తకమంతా త్రిప్పి, “ఇందులో మన నానీ లేదేం?” అని అడిగింది. పాన్‌దాన్ ముందు కూర్చున్న అమ్మమ్మ, ఇరుకు గల్లీ, మేడపై గాలిపటం ఆ పుస్తకంలో ఎక్కడా లేవు. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయినది. విద్యార్థి సోదర సోదరీమణులారా, ఆ సమాధానం మీ కుంచెలో ఉన్నది. ఈ సెలవులలో ఎనిమిది పుటల చిన్న పుస్తకం ఒకటి గీసి, మీ ఇంటి పసివారికి చూపండి. వారు మరల చూపమన్ననాడు మీరు చిత్రకారులైనట్లే.