ప్రకటనకు డబ్బుల్లేవు, పేపర్లో పడేదెట్లా?

సమస్య

అక్కా, మాది గద్వాల. మా ఆయన, మా మరిది మగ్గం నేస్తరు. నేను, మా అత్తమ్మ కండెలు చుడతం. ఇన్నేళ్లూ మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలు, పట్టుతో నేసి కూలి తీసుకున్నం. ఈ ఏడు అప్పు తెచ్చి, సొంత నూలుతో కూడా కొన్ని చీరలు నేయడం మొదలుపెట్టినం. చూసినోళ్లంతా బాగున్నయంటరు గానీ, కొనేటోళ్లకు మా ఇల్లు తెలియదు. మా గురించి రాయమని ఒక విలేకరిని అడిగితే, దసరా శుభాకాంక్షల ప్రకటన ఇస్తే వార్త కూడా వేయిస్తనన్నడు. ఒక యూట్యూబ్ చానల్ అతను వీడియోకు ఇంత అని రేటు చెప్పిండు. మాకంత శక్తి లేదు. మా ఆయనేమో, "పేపర్ల పడితే మాస్టర్ వీవర్‌కు కోపమొస్తది, ఉన్న పని కూడా పోతది" అని భయపడుతున్నడు. పైసలు పెట్టకుండ పేపర్ల పడే దారి ఉందా? పడితే మాకు మంచిదేనా?

– ఒక చేనేత ఇల్లాలు, గద్వాల

సలహా

చెల్లెమ్మా, దారి ఉంది. ప్రకటనకు డబ్బు కట్టాలి, వార్తకు కట్టకూడదు. డబ్బు తీసుకుని వార్త వేయడం తప్పని ప్రెస్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది. అయితే ఆ విలేకరితో తగువు పెట్టుకోకండి. మండలాల్లో పనిచేసే విలేకరుల్లో చాలామందికి జీతం అంతంత మాత్రమే, పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి. "ప్రకటన ఇచ్చే స్తోమత మాకు లేదన్నా, మా పని చూసి రాయదగ్గదనిపిస్తే రాయి" అని మర్యాదగా చెప్పండి. ఆయన రాకపోతే ఇంకో పత్రిక విలేకరిని పిలవండి.

"మా చీరలు అమ్ముడుపోవాలి" అన్నది మీ అవసరం. పాఠకులకు కావలసింది వాళ్లకు తెలియని సంగతి. అది మీ ఇంట్లోనే ఉంది. నూలు ఒంటికి పట్టు అంచు కలపడానికి మూడు నాడెలు ఎలా ఆడతాయో, ఒక్క మగ్గానికి ఇద్దరు ఎందుకు కావాలో, కొంగు దగ్గర నూలు పడుగుకు పట్టు పడుగును పోగు పోగుగా ఎలా కలుపుతారో కట్టుకునేవాళ్లలో ఎంతమందికి తెలుసు? మరమగ్గం చీరను గద్వాల పేరుతో అంటగడుతున్న ఈ రోజుల్లో, అసలుదాన్ని అంచు తిరగేసి ఎలా గుర్తుపట్టాలో మీరు చూపిస్తే అది ప్రతి ఆడపడుచుకూ పనికొచ్చే వార్త. అగ్గిపెట్టెలో పట్టే చీర, సంస్థానం రాణుల కథ ఇప్పటికే అందరూ రాశారు. వాటితో మొదలుపెట్టకండి.

సమయం కూడా చూసుకోవాలి. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి వెళ్లే ఏరువాడ జోడు పంచెల గురించి ఏటా పత్రికలు రాస్తాయి. దానికో తేదీ ఉంది, నిష్ఠతో నేసే చేతులున్నాయి, ఫొటోకు అందే పని ఉంది. మీకూ ఆగస్టు 7 ఉంది. 1905 నాటి స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఆ రోజున జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. ఆ వారం ప్రతి పత్రికకూ నేతన్నల కథలు కావాలి. ఆ రోజే ఫోన్ చేస్తే ఆలస్యమవుతుంది, రెండు వారాల ముందే కబురు పెట్టండి. జిల్లా పేజీలతో పాటు మహిళల పేజీలకు, ఆదివారం సంచికలకు, ఆకాశవాణికి కూడా రాయండి.

ఒక్క పేజీ చాలు. ఎవరెవరు ఏ పని చేస్తారు, ఒక చీరకు ఎన్ని రోజులు, నూలుకూ పట్టుకూ ఎంత ఖర్చు, చేతికి ఎంత మిగులుతుంది – ఉన్నదున్నట్టు రాయండి. పగటి వెలుతురులో తీసిన ఫొటోలు నాలుగు, ఎత్తి మాట్లాడే ఫోన్ నంబరు ఒకటి జతచేయండి. లేని గొప్ప ఒక్కటి కలిపినా విలేకరి మళ్లీ మీ గడప తొక్కడు. రాసింది అచ్చుకు ముందు చూపించమని పట్టుబట్టకండి. పేరో ధరో తప్పు పడితే మాత్రం అదే రోజు చెప్పండి.

వివరానికి ఎంత బలముందో మీ గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు చూపించారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన ఆయన, తెలంగాణలో కవులే లేరన్న మాటకు కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఆ మాటకు అదే జవాబు.

మీ ఆయన భయం న్యాయమైనదే, కొట్టిపారేయకండి. మాస్టర్ వీవర్ నూలుతో, ఆయన డిజైన్‌తో మగ్గం మీదున్న చీరను ఫొటో తీయనివ్వకండి, అది ఆయన సొత్తు. సొంత నూలు చీరనే చూపించండి. కూలి గురించి అడిగినా ఎవరి పేరూ ఎత్తొద్దు. వార్త రాకముందే మాస్టర్ వీవర్‌కు మీరే ఒక మాట చెప్పండి. పేపర్లో చూసి తెలుసుకోవడం కంటే అది మేలు.

పేపర్లో పడడంతోనే బతుకు గట్టెక్కదని కూడా గుర్తుంచుకోండి. మీ పక్క నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన కిన్నెర వాయించే మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, దేశమంతా ఆయన పేరు మోగింది. 2024లో అదే మనిషి కూలి పని చేస్తున్నారని పత్రికలు రాయాల్సి వచ్చింది. వార్త వేడి నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లో ఫోన్ చేసినవాళ్లకు చూపడానికి చీరలుండాలి, ధర ఖాయమై ఉండాలి, పార్శిల్ పంపే ఏర్పాటుండాలి. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరి పేరూ నంబరూ నోటుబుక్కులో రాసుకోండి. కొత్త చీర మగ్గం దిగినప్పుడల్లా వాళ్లకు ఫొటో పంపండి.

ఇంకొక్క మాట. వీలైతే ఒంటరిగా వెళ్లకండి. రాజోలిలో, అమరచింతలో, కొత్తకోటలో మీలాగే సొంతంగా నేసే ఇళ్లుంటాయి. నాలుగిళ్లు కలిసి పిలిస్తే విలేకరికి పెద్ద కథ దొరుకుతుంది, మీ ఆయనకు ధైర్యం వస్తుంది, ఒకరి దగ్గర లేని చీర ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. ఈ వారమే ఆ నాలుగిళ్ల వాళ్లతో మాట్లాడండి.